పిల్లలూ పిల్లులూ ఉన్న ఇంట్లో విప్పెట్: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక జంట మా పశువుల క్లినిక్‌కి వచ్చారు. చేతిలో కుక్క లేదు, ఫోన్లో ఫోటో మాత్రం ఉంది. "మేడం, ఈ విప్పెట్ కూనను తెచ్చుకుందామనుకుంటున్నాం. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఒక ముసలి పిల్లి ఉన్నాయి. సెట్ అవుతుందా?" అని అడిగారు. కొనకముందే అడిగినందుకు నాకు చాలా సంతోషమేసింది. ఎందుకంటే కొన్నాక, పిల్లిని టవల్లో చుట్టుకుని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన వాళ్లనూ ఇదే కర్నూలులో చూశాను.

పిల్లలతో ఎలా ఉంటుంది, పిల్లులతో ఎలా ఉంటుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి నా జవాబు చాలా ఇళ్లకు "సరే" అనే ఉంటుంది. రెండోదానికి మాత్రం ముందు మీ ఇల్లు చూడాలి, మీ పిల్లిని చూడాలి.

ఈ జాతి పుట్టింది ఇంగ్లండ్ ఉత్తరాన. 19వ శతాబ్దంలో బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కూలీలు దీన్ని సాకేవాళ్లు. గ్రేహౌండ్ లాంటి పెద్ద పందెం కుక్కను మేపే స్తోమత లేని వాళ్లకు ఇది "పేదవాడి రేసుగుర్రం". సెలవు రోజున దీనితో పందేలు ఆడేవాళ్లు, కుందేళ్లు పట్టించేవాళ్లు. అదే కుక్క రాత్రికి ఆ చిన్న ఇంట్లో పిల్లల పక్కనే పడుకునేది. కుక్క జాతులను నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ 1891లో దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. ఎత్తు 44 నుంచి 51 సెంటీమీటర్లు, బరువు సుమారు 10 నుంచి 18 కిలోలు. పరుగు అందుకుంటే గంటకు 55 కిలోమీటర్ల దాకా పోతుంది. వాసన పట్టి కాకుండా కంటితో చూసి వేటాడే జాతి ఇది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి, కింద చెప్పేదంతా దాని చుట్టే తిరుగుతుంది.

అపోహ: పందెం కుక్క కదా, ఇంట్లో ఒకచోట ఉండదు, పిల్లలను తోసేస్తుంది.

నిజానికి ఇంట్లో ఇంత నెమ్మదిగా ఉండే జాతులు తక్కువ. పొద్దున, సాయంత్రం చెరో అరగంట బాగా నడిపించి, వారంలో కొన్నిసార్లు గోడ కట్టిన ఖాళీ స్థలంలో ఇష్టమొచ్చినట్టు పరుగెత్తనిస్తే చాలు. మిగతా రోజంతా సోఫా మీదో, మంచం మీదో నిద్రే. అనవసరంగా మొరగదు. అయితే దాని పరుగు ఉన్నట్టుండి మొదలవుతుంది. సాయంత్రం ఒక్కోసారి హుషారొచ్చి వరండాలో నాలుగు చుట్లు సుడిగాలిలా తిరుగుతుంది. ఆ నిమిషంలో రెండేళ్ల బిడ్డ దారిలో ఉంటే కింద పడటం ఖాయం. నడక నేర్చుకునే వయసు పిల్లలున్న ఇంట్లో కుక్క పరుగెత్తే చోటు, బిడ్డ ఆడుకునే చోటు వేరుగా పెట్టుకోండి. ఎనిమిదేళ్ల పిల్లాడి చేతికి తాడిచ్చి బయటికి పంపొద్దు. ఉడుత కనబడిందంటే 15 కిలోల కుక్క రెండు అంగల్లో పూర్తి వేగం అందుకుంటుంది. పిల్లాడు తాడు వదలకుండా పట్టుకుంటే మోచేతులు గీరుకుపోతాయి, వదిలేస్తే కుక్క రోడ్డు మీదికి పోతుంది.

అపోహ: మెతక జాతి. పిల్లలు ఏం చేసినా పడి ఉంటుంది.

ఈ మాట వింటే నాకు భయమేస్తుంది. విప్పెట్ మెతకదే. గట్టిగా అరిస్తేనే మూలకు పోయి ముడుచుకునే స్వభావం. కానీ భరించడం వేరు, ఇష్టపడటం వేరు. దీని చర్మం పలచన, వెంట్రుకలు పొట్టి, కింద కొవ్వు లేదు. లాబ్రడార్‌కు తగిలినట్టే అనిపించని పిల్లవాడి పిడికిలి దీనికి బాగా నొప్పి పెడుతుంది. ముళ్లకంప గీరుకుంటేనే చర్మం చీరి, కుట్లు వేయాల్సి వస్తుంటుంది.

ఇంకోటి, గాఢనిద్రలో మీద చెయ్యి పడితే కొన్ని కుక్కలు ఉలిక్కిపడి గుర్రుమంటాయి. విప్పెట్లు, గ్రేహౌండ్ల లాంటి వాటిలో ఇది బాగానే కనిపిస్తుంది. కావాలని చేసే కోపం కాదది. అందుకని పిల్లలకు మొదటి రోజే నేర్పాల్సింది ఒకటే: పడుకున్న కుక్క దగ్గరికి పోవద్దు, దూరం నుంచి పేరు పెట్టి పిలిస్తే అదే లేచి వస్తుంది. దాని పరుపు దాని ఇల్లు. అక్కడికి పిల్లలెవరూ పోకూడదు.

మెడ చుట్టూ చేతులేసి వాటేసుకోవడం మనకు ముద్దు, చాలా కుక్కలకు ఇబ్బంది. ఆ ఇబ్బందిని కుక్క ముందుగానే చెబుతుంది. మొహం పక్కకు తిప్పుకుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, మూతి నాక్కుంటుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఇవి కనబడితే బిడ్డను పక్కకు తీసుకోవాల్సింది పెద్దవాళ్లే. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టొద్దు. కొడితే అది గుర్రుమనడం మానేస్తుంది, ఈసారి హెచ్చరిక లేకుండా పన్ను పెడుతుంది.

ఎంత మంచి కుక్కయినా, టీకాలన్నీ వేయించినా, పన్ను గానీ గోరు గానీ దిగితే ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఇది ప్రతి ఇంట్లో అవ్వకు, జేజికి కూడా తెలియాలి. పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు మొదట పరుగెత్తేది వాళ్ల దగ్గరికే కాబట్టి.

అపోహ: కూనగా ఉన్నప్పుడే పిల్లితో కలిపి సాకితే ఇక భయం లేదు.

ఈ సలహా ఒకప్పుడు నేనూ ఇచ్చాను. సగం మాత్రమే నిజమైన సలహా అది, ఆ మిగతా సగం చెప్పనందుకు ఇప్పటికీ బాధపడతాను.

నిజమైన సగం ఇది. కుక్కపిల్లకు మూడు వారాల నుంచి మూడు నెలల దాకా ఉండే వయసు చాలా విలువైంది. అప్పుడు చూసిన మనుషులు, జంతువులు, శబ్దాలు దాని లోకంలో భాగమైపోతాయి. ఆ వయసులో పిల్లితో పెరిగిన విప్పెట్ ఆ పిల్లితో ఒకే బొంత మీద పడుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

మిగతా సగం పెరట్లో ఉంటుంది. ఒక ఇంట్లో కుక్క, పిల్లి రెండేళ్లుగా కలిసే ఉన్నాయి. దీపావళి సాయంత్రం వీధిలో ఎవరో టపాకాయ పేల్చారు. పిల్లి బెదిరి గోడ వెంబడి దూసుకుపోయింది. పెరట్లో ఉన్న కుక్కకు కనబడింది వాళ్ల పిల్లి కాదు, చీకట్లో పరుగెత్తే ఒక చిన్న ఆకారం. వాళ్లు పేరు పెట్టి పిలిచేలోపే అయిపోయింది. పిల్లి బతకలేదు. ఆ కుక్క తర్వాత రెండు రోజులు పిల్లి గిన్నె దగ్గరే కూర్చుందని ఆ ఇంటావిడ చెప్పింది.

వేట అనేది దీనికి పగ కాదు, కోపం కాదు. కదిలేది కంటికి తగిలితే కాళ్లు వాటంతట అవే లేస్తాయి. అందుకే ఇంట్లో కూర్చున్న పిల్లి వేరు, పెరట్లో పరుగెత్తే పిల్లి వేరు. ఇక పక్కింటి పిల్లి, వీధి పిల్లి అయితే కుక్క దృష్టిలో కుందేలుతో సమానం. ఇంట్లో పిల్లితో ఎంత స్నేహంగా ఉన్నా వాటికి ఆ మినహాయింపు దొరకదు.

మరి కలిపి ఉంచాలంటే? తొందరపడకపోవడమే అసలు పని. మొదటి వారం రెండూ ఒకదాన్నొకటి చూడకూడదు. పిల్లి పడుకున్న గుడ్డ కుక్క దగ్గర, కుక్క పడుకున్న గుడ్డ పిల్లి దగ్గర వేయండి. మూసిన తలుపుకు ఇటొకటి అటొకటి గిన్నెలు పెట్టి తినిపించండి. రెండూ నిమ్మళంగా తింటున్నాయి అనుకున్నాకే చూపించాలి, అదీ కుక్కను బాగా నడిపించి అలసిపోయాక, తాడు పెద్దవాళ్ల చేతిలో ఉండగా. పిల్లిని ఎత్తుకుని కుక్క మొహం దగ్గరికి తేవద్దు. పిల్లి తన ఇష్టంతో రావాలి, తన ఇష్టంతో పోవాలి. కుక్క పిల్లిని చూసి, మళ్లీ మీ వైపు తిరిగిందా, వెంటనే ఒక చిన్న చికెన్ ముక్క ఇవ్వండి. పిల్లి నుంచి చూపు తిప్పుకుంటే మేలు జరుగుతుందని దానికి తెలియాలి.

కుక్క ఒళ్లు బిగుసుకుని, చెవులు నిక్కించి, నోరు మూసి, ఒక ముందు కాలు పైకెత్తి రెప్ప వేయకుండా చూస్తోందంటే ఆ రోజుకు ఆపేయండి. ఒళ్లు వణుకుతుంటే కూడా అంతే. ముందు కాళ్లు నేలకు చాపి, పిర్రలు పైకెత్తి, ఒళ్లు వదులుగా ఊపుతుంటే అది ఆట. ఈ తేడా పట్టుకోవడం ఇంట్లో అందరికీ రావాలి.

పిల్లికి ఎత్తులో చోటు ఉండి తీరాలి. మన ఇళ్లలో సజ్జలు ఉండనే ఉంటాయి. ఒక సజ్జ ఖాళీ చేసి, బీరువా మీదుగా ఎక్కే దారి పెట్టండి. కుక్క దూరలేని గది ఒకటి పిల్లికి వదిలేయండి, అన్నం గిన్నె, ఇసుక ట్రే అక్కడే. మీరు బయటికి పోతే, రాత్రి పడుకుంటే రెండూ వేర్వేరు గదుల్లో ఉండాలి. పెరట్లోకి రెండింటినీ ఒకేసారి ఎప్పుడూ వదలొద్దు. ఎన్నేళ్లు గడిచినా ఈ చివరి నియమం సడలించకండి.

పిల్లి స్వభావం కూడా సగం తేలుస్తుంది. కుక్క వస్తే నిలబడి ఒక దెబ్బ వేసే పిల్లి ఉన్న ఇల్లు తొందరగా కుదురుకుంటుంది. నీడ చూసినా పారిపోయే పిల్లి అయితే ప్రతి పరుగూ కుక్కను పిలిచినట్టే. దెబ్బ వేసే పిల్లితోనూ ఒక జాగ్రత్త ఉంది. గోరు తగిలి కుక్క కన్ను మూసుకుని నీరు కారుస్తుంటే అదే రోజు చూపించండి, ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయొద్దు.

అపోహ: పక్కటెముకలు కనబడుతున్నాయి, తిండి చాలట్లేదు.

చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనబడటం ఈ జాతికి ఆరోగ్యం. "ఏందమ్మా, కూడు పెట్టరా దీనికి" అని చుట్టుపక్కల వాళ్లు అంటారని పాలు, అన్నం కూరి కూరి పెట్టి లావు చేస్తారు. ఆ సన్నని కాళ్లు ఆ బరువు మోయలేవు. పిల్లలు పళ్లెంలోంచి పెట్టేవాటిపై కన్నేయండి. ఆదివారం ఉగ్గాని బాగా నచ్చుతుంది దానికి, కానీ అందులోని ఉల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉడికిన కోడి ఎముకలు కూడా వద్దు.

అపోహ: పొట్టి వెంట్రుకలు కదా, మన ఎండకు బాగా తట్టుకుంటుంది.

హస్కీ కంటే మేలే, అంతవరకే. మే నెలలో కర్నూలు 43 డిగ్రీలు దాటే రోజుల్లో పొద్దున ఏడులోపు, మళ్లీ చీకటి పడ్డాకే నడక. మిద్దె మీద పరిచిన కడప బండలు మధ్యాహ్నం పెనంలా కాలుతాయి. మీ అరచెయ్యి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనించలేవు. ఇంట్లో నునుపు బండలైతే వేరే చిక్కు. చల్లగానే ఉంటాయి గానీ, కండ లేని మోచేతులు రోజంతా గట్టి నేల మీద ఆని పుండ్లు పడతాయి, మలుపు తిరిగేటప్పుడు కాళ్లు జారి బెణుకుతాయి. పాత చీరలతో కుట్టిన బొంత నాలుగు మడతలు వేసి పరిస్తే చాలు, ఖరీదైన పరుపు అక్కర్లేదు. డిసెంబరు రాత్రుల్లో మాత్రం పైన ఒక దుప్పటి కావాలి.

అపోహ: దీనికి మత్తిస్తే చచ్చిపోతుంది, ఆపరేషన్ చేయించొద్దు.

థయోపెంటోన్ లాంటి పాత మత్తుమందుల వల్ల వచ్చిన భయం ఇది. ఒంట్లో కొవ్వు తక్కువ, కాలేయం కూడా ఆ మందును నెమ్మదిగా విరిచేస్తుంది కాబట్టి ఇలాంటి జాతులు చాలాసేపు లేవలేవు. ప్రోపోఫాల్, ఐసోఫ్లూరేన్ లాంటి ఇప్పటి మత్తుమందులు వాడితే ఆ సమస్య చాలావరకు ఉండదు. కుక్క జాతి పేరు డాక్టరుకు ముందే చెప్పండి. మత్తులో ఒళ్లు చల్లబడకుండా చూసుకోమనీ అడగండి.

కాపలాకు పనికొస్తుందా అని అడిగేవాళ్లకు ఒక్క మాట. పనికిరాదు. కొత్తవాళ్లొస్తే చాలావరకు వాసన చూసి పోయి పడుకుంటుంది.

కొనేచోట మోసం గురించి కూడా చెప్పాలి. విప్పెట్ అని అమ్మేవాటిలో కొన్ని పక్కనున్న కర్ణాటక నుంచి వచ్చే ముధోల్ అనే వేటకుక్క జాతి కూనలు, లేదా వాటి సంకరాలు. ముధోల్ గొప్ప జాతి, 2005లో తపాలా శాఖ స్టాంపు కూడా వేసింది. కానీ అది పెరిగితే 60 సెంటీమీటర్లు దాటుతుంది, కొత్తవాళ్లను అంత తేలిగ్గా దగ్గరికి రానివ్వదు, పరుగెత్తే చోటు ఇంకా ఎక్కువ కావాలి. తల్లిని కళ్లారా చూడకుండా డబ్బు కట్టకండి. ఏ కుక్కనైనా పొలాల్లో కుందేళ్ల మీదికి ఉసిగొల్పడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, అది సరదా కాదు.

బయట మామూలు బెల్టు వేయొద్దు. దీని మెడ, తల దాదాపు ఒకే వెడల్పు. వెనక్కి ఒక్క గుంజు గుంజితే తల జారి బయటికి వస్తుంది. గుంజినప్పుడు తల జారకుండా కాస్త బిగుసుకునే వెడల్పాటి మార్టింగేల్ బెల్టు గానీ, ఛాతీ చుట్టూ వేసే సరిపోయే హార్నెస్ గానీ వాడండి. గేటు ఊచల సందులు కొలవండి, కూన అందులోంచి దూరిపోతుంది. వినాయక నిమజ్జనం రోజు డప్పులకు బెదిరి పారిపోయిన కుక్కల కోసం ఏటా ఫోన్లు వస్తుంటాయి. ఆ రోజు లోపలి గదిలో ఉంచి తలుపు వేయండి.

ఫోటో చూపించిన ఆ జంటను ఇంకొన్ని అడిగాను. చిన్నమ్మాయికి ఏడాదిన్నర. పిల్లికి పదకొండేళ్లు, మోకాళ్ల నొప్పులతో సజ్జ ఎక్కలేదు, కుక్క మొరిగితేనే మంచం కింద దూరుతుంది. ఇల్లు మూడు గదులు, పెరటి గోడ నాలుగడుగులు. ఇప్పుడు వద్దన్నాను. పెద్దమ్మాయి మొహం చిన్నబోయింది. తనకు క్లినిక్‌లో ఉన్న ముసలి లాబ్రడార్ దగ్గర కూర్చుని, కుక్క ఎప్పుడు చాలంటుందో ఎలా తెలుసుకోవాలో చూపించాను. చెల్లెలు బడికి పోవడం మొదలయ్యాక మళ్లీ రమ్మని, అప్పటిదాకా శనివారాలు వచ్చి ఆ లాబ్రడార్‌ను దువ్వమని చెప్పాను. రెండు శనివారాలు వచ్చింది.