బారసాల నాటికి కుక్కపిల్ల: అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం నా పశువైద్య క్లినిక్‌కి ఒక జంట వచ్చారు. ఆయన చేతిలో లీష్, దాని చివర పదకొండు నెలల ల్యాబ్ (ల్యాబ్రడార్ కుక్క), 29 కిలోలు. ఆవిడ చంకలో ఏడు నెలల పాప. లీష్ ఒరుసుకుని ఆయన అరచేతులు కమిలిపోయి ఉన్నాయి. "డాక్టర్ గారూ, కాస్త నెమ్మదించడానికి ఇంజెక్షన్ ఏమైనా ఉంటుందా? లేకపోతే ఎవరికైనా ఇచ్చేస్తాం" అన్నారు. పరీక్ష చేశాను. ఏ జబ్బూ లేదు. పదకొండు నెలల ల్యాబ్ ఎలా ఉండాలో అచ్చం అలాగే ఉంది.

విజయవాడలో నా క్లినిక్‌కి ఇలాంటి కేసు నెలకి ఒకటైనా వస్తుంది. ఒకసారి ల్యాబ్, ఒకసారి బీగిల్, ఈమధ్య హస్కీలు. అందరి నోటా ఒకటే మాట: "చిన్నప్పుడే తెస్తే పాపతో పాటు పెరుగుతుంది కదా అనుకున్నాం."

నేను చూసినంతలో ఇళ్లలో ఎక్కువ కన్నీళ్లు పెట్టించిన అపోహ ఇదే. వేళ్ల మీద లెక్కేద్దాం. ఏడో నెలలో సీమంతం అయ్యాక రెండు నెలల కుక్కపిల్లని తెచ్చారు. కాన్పు నాటికి దానికి నాలుగు నెలలు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసు కాబట్టి చెప్పు, సోఫా, చీర కొంగు, చెయ్యి, ఏది దొరికితే దాన్ని కొరుకుతుంది. రెండు గంటలకోసారి లేచి పాలిచ్చే తల్లి, మధ్యలో హాల్లో అది పాస్ పోసిన చోటు కూడా తుడవాలి. పాప ఎనిమిది నెలలకి పాకడం మొదలెట్టేసరికి కుక్కకి ఏడాది. ఒంటికి దాదాపు పూర్తి బరువు వచ్చేసింది, బుర్ర మాత్రం ఇంకా పిల్లదే. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా వాటికి కుర్రతనం. ల్యాబ్ అయితే రెండు, మూడేళ్లకి గానీ కుదురుకోదు. అంటే మీ పాప కుర్చీ పట్టుకుని నిలబడే రోజుల్లోనే ఇంట్లో 30 కిలోల కుర్రాడు గంతులేస్తుంటాడు. అది కరవక్కర్లేదు. ముద్దొచ్చి మీదికి దూకినా, తోక గట్టిగా ఊపినా చాలు, పాప కింద పడుతుంది.

"ఇద్దరూ ఆడుకుంటే దాని ఎనర్జీ అయిపోతుంది కదా" అంటారు. ఏడు నెలల పాప బంతి విసురుతుందా?

నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. అందుకే మిమ్మల్ని తిట్టడానికి నోరు రాదు. మా ఆవిడకి ఆరో నెల నడుస్తుండగా ఒక డాల్మేషియన్ పిల్లని తెచ్చాను. ఆవిడ పుట్టింటికి వెళ్లి వచ్చేలోపు ట్రైనింగ్ ఇచ్చేస్తాను, పశువైద్యుణ్ని కదా అనే ధీమా. ఒకప్పుడు గుర్రబ్బండ్ల పక్కన మైళ్లకి మైళ్లు పరుగెత్తిన జాతి అది. పాపకి ఐదో నెల వచ్చాక అందరూ ఇంటికొచ్చారు. మొదటి వారంలోనే ఉయ్యాల ఊగినప్పుడల్లా అది ఎగిరి దుప్పటి అందుకోవడం నేర్చుకుంది. మా అత్తగారు నెమ్మదస్తురాలు. ఆవిడే ఒకరోజు "అల్లుడుగారూ, మీ మచ్చల గుర్రాన్ని కట్టేస్తారా, పిల్లని తీసుకుని నన్ను తెనాలి పొమ్మంటారా?" అని అడిగేశారు. ఆ తర్వాత రెండేళ్లు పొద్దున్నే ఐదింటికి కాలువ గట్టు మీద దానితో పాటు పరుగెత్తింది నేనే. నా నడుం నొప్పికి పునాది అక్కడే పడింది.

ఇంట్లో కుక్క ఉండాల్సిందే అనుకుంటే రెండున్నర, మూడేళ్లు దాటినదాన్ని, పిల్లలున్న ఇంట్లో మసలినదాన్ని చూడండి. ఊరు మారుతూనో, విదేశాలకి వెళుతూనో కుక్కని మంచి ఇంట్లో పెట్టాలనుకునేవాళ్లు ఉంటారు. ఆ వయసుకి దాని స్వభావం తేలిపోయి ఉంటుంది. ఒకసారి కాదు, మూడుసార్లు వెళ్లి చూడండి. తింటుండగా ఎవరైనా దగ్గరికి వస్తే ఏం చేస్తోంది? గిన్నె కింద పడిన చప్పుడుకి బెదురుతోందా? పిల్ల ఏడుపు వింటే చెవులు నిక్కించి ఊరుకుంటోందా, ఉరుకుతోందా? కుక్కపిల్లే కావాలంటే మీ పాపకి నాలుగైదేళ్లు వచ్చేదాకా ఆగండి.

ఇప్పటికే తెచ్చేసినవాళ్లు కంగారుపడి వదిలించుకోనక్కర్లేదు. ఎండెక్కకముందే ఒక నడక, చీకటి పడ్డాక మరొకటి. మధ్యలో పాత తువ్వాల్లో నాలుగు డ్రై ఫుడ్ గింజలు చుట్టి ముడేసి ఇవ్వండి, ముక్కుతో వెతుక్కుంటుంది. పావుగంట వాసన పని దాన్ని బాగా అలసిపోయేలా చేస్తుంది. పాప పాకే గదికి బేబీ గేట్ పెట్టండి. కుక్కకి తన చాప తనకి ఉండాలి, దాని మీద పడుకున్నప్పుడు ఎవరూ కదిలించకూడదు. ఇద్దరినీ ఒకే గదిలో వదిలేసి వంటింట్లోకి వెళ్లొద్దు, పాలు పొంగుతున్నా సరే. ముందు పాలు పోనివ్వండి.

బ్రీడ్ సంగతి. "ల్యాబ్ అంటే శాంతం" అనే మాట సగమే నిజం. మనుషులంటే ప్రాణం పెడుతుంది, నిజమే. కానీ దాని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చలినీళ్లలో జాలర్లతో పనిచేసినవి. రోజంతా పనిచేయడం దాని రక్తంలో ఉంది. జర్మన్ షెపర్డ్, బార్డర్ కోలీ మందలు కాసే జాతులు. పరుగెత్తే పిల్లల్ని చుట్టుముట్టి మడమల దగ్గర నొక్కుతాయి. అది కోపం కాదు, అలవాటు. బీగిల్ చిన్నదే, కానీ వేటకుక్క. ముక్కు ఎటు లాగితే అటు పోతుంది, అపార్ట్‌మెంట్ మొత్తానికి వినపడేలా మొరుగుతుంది. హస్కీ మంచులో బండి లాగాల్సిన కుక్క. మన మే నెల ఎండల్లో బయటికి తీసుకెళ్లలేం, ఏసీ గదిలో పెడితే ఆ శక్తంతా ఎటు పోవాలి? రీల్స్‌లో చూసి బెల్జియన్ మాలినోయిస్ (పోలీసులు, సైన్యం వాడే కుక్క) అడిగేవాళ్లకి నా దగ్గర ఒకటే జవాబు: వద్దు. మన ఊరకుక్క? ఎండకి తట్టుకుంటుంది, గట్టిది. పెద్దదై స్వభావం తేలినదైతే నా ఓటు దానికే.

"గుర్రుమంటే ఒక్కటిచ్చుకోవాలి" అనేది ఇంకో ప్రమాదకరమైన సలహా. గుర్రుమనడం అంటే "నాకు ఇబ్బందిగా ఉంది, ఆపండి" అని చెప్పడం. దానికి ముందే ముఖం తిప్పుకుంటుంది, పెదాలు నాక్కుంటుంది, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తుంది. వాటిని చూడకపోగా గుర్రుమన్నందుకు కొడితే ఈసారి చెప్పకుండా కరుస్తుంది. అలా కరిపించుకున్న నాలుగేళ్ల బాబుని ఆసుపత్రికి తీసుకెళ్లి తిరిగొస్తూ ఒక తండ్రి నా దగ్గర ఆగి ఏడ్చాడు. ఆయనకి ఆ సలహా ఇచ్చింది పక్కింటివాళ్లు.

మిగతావి గబగబా. బొచ్చు వల్ల ఆస్తమా రాదా? అలర్జీ తెప్పించేది బొచ్చు కాదు, లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రోటీన్లు. కాబట్టి "బొచ్చు రాలని బ్రీడ్" తెచ్చినా అలర్జీ ఉన్నవాళ్లకి గ్యారంటీ ఏమీ లేదు. మాంసం పెడితే క్రూరంగా, పెరుగన్నం పెడితే సాధువుగా మారదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే తిరుగుళ్లు తగ్గుతాయి గానీ గంతులు తగ్గవు.

"ఇంట్లో కుక్కపిల్లే కదా, గీరితే ఏమవుతుంది" అనకండి. రేబిస్ టీకా పడని కుక్కపిల్ల నుంచి కూడా రేబిస్ రావచ్చు. గాయాన్ని సబ్బుతో, ధార పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. పాప పాకే ఇల్లు కాబట్టి కుక్కకి డీవార్మింగ్ (నులిపురుగుల మందు) తేదీ ఒక్కటి కూడా తప్పకూడదు. కొనేచోట "నెల పిల్ల, పాలు మానేసింది" అంటే వెనక్కి వచ్చేయండి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల బ్రీడింగ్ నిబంధనలు చెబుతున్నాయి.

ఆదివారం వచ్చిన జంటకి ఇంజెక్షన్ ఏమీ రాయలేదు. చీటీ మీద రెండు నడకలు, తువ్వాలు, బేబీ గేట్ అని రాసిచ్చాను. ఆయన దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు, మందు పేరు ఎక్కడైనా ఉందేమోనని. నిన్న ఫోన్ చేశాడు. కుక్క ఇంకా దూకుతూనే ఉందట. పొద్దున నడక అయ్యాక మాత్రం రెండు గంటలు పడుకుంటోందట, ఆ టైంలో ఆవిడ పాపకి స్నానం పోయగలుగుతోందట.