కట్టెల స్టవ్వు కింద ఏ బోర్డు వేయాలి: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండులో పాత ఇళ్లు కొనుక్కునే మనవాళ్లు కట్టెల స్టవ్వు పెట్టించుకునేటప్పుడు స్టవ్వు గురించి వంద ప్రశ్నలు అడుగుతారు. దాని కింద, వెనక వేసే బోర్డు గురించి ఒక్కటీ అడగరు. స్టవ్వులు బిగించే నాకు భయం ఆ బోర్డు గురించే.

అపోహ: మంట అంటుకోని బోర్డు అయితే చాలు.

వాస్తవం: కాలకపోవడం వేరు, వేడిని ఆపడం వేరు. ఇనుప పెనం కాలిపోదు, కానీ దాన్ని దించాలంటే మసిగుడ్డ కావాలి. మంటలో పడితే భగ్గుమనే ఆ గుడ్డే చేతిని కాపాడుతుంది. మామూలు సిమెంటు బోర్డు ఎక్కువగా పెనం స్వభావానిదే. ఒక ఇంట్లో స్టవ్వు జరిపి స్లేటు పలక ఎత్తాను. కింద 12 మి.మీ. సిమెంటు బోర్డు చెక్కుచెదరలేదు. దాని అడుగున ఉన్న ప్లైవుడ్ మాత్రం స్టవ్వు ఉన్నంత మేర కాఫీ పొడి రంగుకు తిరిగి, గోరుతో గీరితే పొడిగా రాలింది. ఏళ్ల తరబడి వేడికి మాగిన చెక్క, కొత్త చెక్క కన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది. పైనుంచి చూస్తే ఆ గది ఎంత ముచ్చటగా ఉందో!

అపోహ: 1000 డిగ్రీలు అని రాసి ఉంటే తిరుగులేదు.

వాస్తవం: బోర్డు తాను ఎంత వేడిని తట్టుకుంటుందో చెప్పే అంకె అది. అవతలికి ఎంత పోనిస్తుందో చెప్పేది ఉష్ణవాహకత. మందాన్ని మీటర్లలోకి మార్చి ఆ ఉష్ణవాహకత అంకెతో భాగించండి; వచ్చేది ఎంత పెద్దదైతే బోర్డు వేడిని అంత బాగా ఆపుతుంది. 0.1 వాహకత, 25 మి.మీ. మందం ఉన్న కాల్షియం సిలికేట్ బోర్డుకు 0.25 వస్తుంది. 0.3 వాహకత ఉన్న 12 మి.మీ. సిమెంటు బోర్డుకు వచ్చేది 0.04. ఆరు రెట్ల తేడా! కాల్షియం సిలికేట్‌లోనూ బరువైన రకాలు వేడిని ఎక్కువగా పోనిస్తాయి కాబట్టి పేరు చూసి కొనకండి, అంకె అడగండి.

అపోహ: అగ్నినిరోధక ప్లాస్టర్‌బోర్డు ఉందిగా.

వాస్తవం: అది అగ్నిప్రమాదంలో ఒక్కసారి, అరగంటో గంటో మంటను ఆపడానికి చేసింది. అందులో ఉండే జిప్సం బరువులో దాదాపు ఐదో వంతు నీరే. రోజూ వేడి తగిలితే ఆ నీరు పోయి బోర్డు గుల్లబారుతుంది. నిత్యం 50 డిగ్రీలకు చేరే చోటికి అది పనికిరాదు.

అపోహ: స్టవ్వు కింద 12 మి.మీ. మందం పలక చాలు.

వాస్తవం: తాను నిలబడే గద్దెను 100 డిగ్రీలకు మించి వేడెక్కించని స్టవ్వులకే ఇంగ్లండు నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయి. మిగతావాటికి 125 మి.మీ. గద్దె కట్టాలి. మీది ఏ రకమో స్టవ్వుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఒకటి మరచిపోకండి. 2000కు ముందు కట్టిన ఇంట్లో, పొయ్యి గూటిలో పాత బూడిదరంగు బోర్డు కనిపిస్తే కొట్టి తీయకండి. అది రాతినార (ఆస్బెస్టాస్) కావచ్చు, దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్రిటన్ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే. నమూనా పరీక్ష ఫలితం చేతికి వచ్చేదాకా నేను ఆ గదిలో సుత్తి పట్టుకోను.