డిసెంబరు ఎండల్లోకి రాబోతున్న పిల్లలకు

మెల్‌బోర్న్,
జనవరి నెల.

చిరంజీవులు బుజ్జికీ, చంటికీ తాతయ్య ఆశీస్సులు.

వచ్చే డిసెంబరుకి మీ నలుగురికీ టికెట్లు చూస్తున్నామని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. మధ్యలో చంటి ఫోన్ లాక్కుని "తాతయ్యా, టోపీలు తెచ్చుకోవాలా, స్వెట్టర్లు తెచ్చుకోవాలా?" అని అడిగాడు. రెండూ తెచ్చుకోవాలిరా. ఎందుకో ఫోన్లో చెబితే మీరు సగం విని పారిపోతారు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఆస్ట్రేలియాలో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి ఎండాకాలం. భూమి ఇరుసు 23.5 డిగ్రీలు ఒరిగి ఉంటుందని బుజ్జి చదివే ఉంటుంది. మనకి చలికాలం వచ్చినప్పుడు ఆ ఒరుగుడు వల్ల భూమి కింది సగం సూర్యుడి వైపు తిరిగి ఉంటుంది. సూర్యుడు దగ్గరగా ఉండటం వల్ల ఎండాకాలం వస్తుందని చాలామంది పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు. అదే నిజమైతే జనవరిలో మనకీ ఎండలు మండాలి. ఎందుకంటే భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లోనే, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలైలో ఆ దూరం 15.2 కోట్లు. డిసెంబరు 22 దాటాక మన దగ్గర పగళ్ళు సాగడం మొదలవుతుంది, ఇక్కడ తరగడం మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. వచ్చిన కొత్తలో దిక్కులు పోల్చుకోలేక మీ నాన్న తికమకపడతాడు, చూస్తూ ఉండండి.

పశ్చిమాన పెర్త్ వైపు నూంగార్ అనే ఆదివాసుల లెక్కలో మనలాగే ఏడాదికి ఆరు ఋతువులు. డిసెంబరు, జనవరి నెలల్ని వాళ్ళు బిరాక్ అంటారు. తెల్లవాళ్ళు వచ్చి నాలుగు ఋతువుల క్యాలెండరు తగిలించారు గానీ, ఈ నేలకి పాత లెక్కే బాగా అతుకుతుందని నాకనిపిస్తుంది.

టోపీ ఎందుకంటే, మెల్‌బోర్న్‌లో పాతిక డిగ్రీలే ఉన్నా చర్మం కాలిపోతుంది. నలభై ఐదు డిగ్రీల ఒంగోలు ఎండలు చూసినవాళ్ళం, ఇదొక ఎండా అని మీ నాన్న అంటాడు. వేడి వేరు, చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు వేరు. చల్లగాలి వీస్తున్నా, పల్చగా మబ్బు పట్టినా ఆ కిరణాలు దిగుతూనే ఉంటాయి. చర్మ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇదొకటి. 1981లో ఇక్కడ టీవీలో ఒక ప్రకటన మొదలుపెట్టారు. అందులో సముద్రపక్షి ఒకటి పాట పాడుతూ చొక్కా వేసుకో, క్రీమ్ రాసుకో, టోపీ పెట్టుకో అని చెబుతుంది. ఇప్పుడు వాతావరణ సూచనలో ఉష్ణోగ్రతతో పాటు యూవీ ఇండెక్స్, అంటే ఆ కిరణాల తీవ్రత ఎంతో కూడా చెబుతారు. అది 3కి చేరితే ఈ జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో 11 కూడా దాటుతుంది. చాలా బళ్ళలో టోపీ లేని పిల్లల్ని ఆటకి పంపరు, నీడలో కూర్చోబెడతారు.

స్వెట్టర్ సంగతీ చెప్పాలి కదా. మెల్‌బోర్న్‌లో ఒకే రోజులో నాలుగు ఋతువులు వస్తాయని ఇక్కడివాళ్ళే నవ్వుకుంటారు. మధ్యాహ్నం నలభై డిగ్రీలు ఉంటుంది, సాయంత్రం దక్షిణ సముద్రం మీంచి గాలి తిరిగిందంటే గంటలోపే పదిహేను డిగ్రీలు పడిపోతుంది.

ఇక సముద్రం. చంటీ, ఇది నీ కోసమే. కొత్తపట్నం బీచ్‌లో మోకాళ్ళ లోతు దాటితే నేను అరుస్తానని నీకు కోపం కదా. ఇక్కడ బీచ్‌లో ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి ఉంటాయి. ఆ రెండింటి మధ్యే దిగాలి. వాటి దగ్గర లైఫ్‌సేవర్లు కాపలా ఉంటారు. వాళ్ళలో చాలామంది జీతం తీసుకోరు, సెలవులు మానుకుని వచ్చి నిలబడతారు. జెండాలు ఎందుకో విను. అలలు ఒడ్డుకి తెచ్చిపడేసిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి వెళ్ళాలి. అవి ఇసుకలో లోతుగా ఉన్న కాలవ వెతుక్కుని ఆ దారిన జోరుగా వెనక్కి లాగుతాయి. దాన్ని రిప్ అంటారు. మోసమంతా ఎక్కడంటే, అక్కడ అలలు విరగవు, నురగ ఉండదు, నీళ్ళు కాస్త ముదురు రంగులో, చూడటానికి ప్రశాంతంగా ఉంటాయి. తెలియనివాళ్ళు ఇదేదో మంచి చోటని అక్కడే దిగుతారు. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదుతూ ప్రవాహంతో పోరాడకూడదు. నీళ్ళ మీద తేలుతూ చెయ్యెత్తి ఊపాలి. ఈత బాగా వచ్చినవాళ్ళు ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడొచ్చు.

ఈత వచ్చు కదా అనుకోకండి. 1967 డిసెంబరు 17న ఈ దేశ ప్రధానమంత్రి హెరాల్డ్ హోల్ట్ మెల్‌బోర్న్‌కి దక్షిణాన షెవియట్ బీచ్‌లో ఈతకి దిగి మళ్ళీ కనపడలేదు. ఆయన మంచి ఈతగాడు. శవం కూడా దొరకలేదు. విచిత్రం ఏమిటంటే, ఇదే ఊళ్ళో ఒక ఈతకొలనుకి ఆయన పేరు పెట్టారు! 2024 జనవరిలో ఫిలిప్ దీవిలో కాపలా లేని బీచ్‌లో ఒక భారతీయ కుటుంబంలో నలుగురు మునిగిపోయారు. అందుకే జెండాలు లేనిచోట కాళ్ళు తడుపుకోవడం కూడా వద్దు. మిగతా విషయాల్లో బతిమాలితే కరుగుతాను గానీ ఈ ఒక్కదానిలో కరగను.

చెట్లు చూసి మాత్రం మీకు మన ఊరు గుర్తొస్తుంది. ఒంగోలు వైపు జామాయిల్ తోటలు ఉంటాయి కదా, ఆ చెట్టు పుట్టిల్లు ఇదే. ఏడొందలకి పైగా రకాలున్నాయి, దాదాపు అన్నీ ఈ నేలవే. జలుబు చేస్తే మీ అమ్మమ్మ రాసే నీలగిరి తైలం ఆ జాతి ఆకుల్లోదే. కోలా తినేదీ ఆ ఆకులే, తిని రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. అయితే ఆ నూనెకి అంటుకునే గుణం ఉంది. ఎండి, గాలి తోలిన రోజున నిప్పురవ్వ చాలు. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు ఈ విక్టోరియా రాష్ట్రంలో రేగిన మంటల్లో 173 మంది చనిపోయారు. అందుకే ఊళ్ళ మొదట్లో రోడ్డు పక్కన రంగుల బోర్డు ఉంటుంది. ఆ రోజు మంటల ప్రమాదం ఎంతో దాని మీద ముల్లు చూపిస్తుంది. ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్న రోజు ఆరుబయట నిప్పు పెట్టకూడదని నిషేధం వేస్తారు. వినకపోతే కేసే. అలాంటి రోజున అడవి వైపు ప్రయాణం ఉంటే మామయ్య మానేస్తాడు, మీరు గొణగకూడదు.

ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ణి కదా, ఇక్కడికి వచ్చినా నా కళ్ళు రోడ్డు మీదే. మనలాగే ఎడమ వైపు నడుపుతారు. దూరాలే మన అంచనాకి అందవు. మ్యాపులో పక్కపక్కనే కనిపించే మెల్‌బోర్న్, సిడ్నీల మధ్య దాదాపు 880 కిలోమీటర్లు. ఇక పెర్త్ అయితే సిడ్నీ నుంచి నాలుగు వేల దాకా. అందుకే రెండు వారాల్లో దేశమంతా చూసేద్దామని మీ అమ్మ రాసుకున్న లిస్టులో సగం కొట్టేయండి. కెయిన్స్, డార్విన్ ముందు కొట్టేయండి, ఉత్తరాన అది వానాకాలం, సముద్రంలో విషపు జెల్లీఫిష్‌లు తిరిగే కాలం. సెలవుల్లో హైవేల పక్కన డ్రైవర్లకి ఉచితంగా టీ, కాఫీ ఇచ్చే శిబిరాలు పెడతారు, ఆగి కాసేపు నడుము వాల్చుకుని పొమ్మని. మన దగ్గర ఎవరైనా ఇలాంటివి నడిపితే రాత్రి సర్వీసు వాళ్ళు చేతులెత్తి దణ్ణం పెడతారు. చీకటి పడేవేళ, తెల్లవారుజామున కంగారూలు రోడ్డు మీదకి గెంతుతాయి, అందుకని మామయ్య పొద్దుండగానే బండి ఆపేస్తాడు.

గ్రేట్ ఓషన్ రోడ్ మాత్రం తప్పకుండా వెళ్దాం. సముద్రాన్ని ఆనుకుని 240 కిలోమీటర్లు ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, చనిపోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా 1919 నుంచి 1932 దాకా కొండ అంచులు తొలిచి ఈ రోడ్డు వేశారు. చేతిలో పలుగూ పారా, ఇంకొంచెం మందుగుండు, అంతే. ఆ మలుపుల్లో స్టీరింగ్ పట్టుకున్నవాడికే వాళ్ళ కష్టం తెలుస్తుంది. దారిలో ట్వెల్వ్ అపోజల్స్ అని సముద్రంలో సున్నపురాయి స్తంభాలు నిలబడి ఉంటాయి. పేరుకి పన్నెండు, లెక్కపెడితే ఎనిమిదే. 2005లో ఒకటి కళ్ళముందే కూలింది. దగ్గర్లోనే లండన్ బ్రిడ్జి అనే రాతి వంతెన ఉండేది. 1990 జనవరిలో అది ఒడ్డు వైపున తెగిపోయి, అవతల ఇద్దరు టూరిస్టులు చిక్కుకుపోయారు. హెలికాప్టర్‌లో దించాల్సి వచ్చింది. కంచె దాటి సెల్ఫీ దిగుతానని బుజ్జి అడగదనుకుంటాను.

డిసెంబరు 26న మెల్‌బోర్న్ గ్రౌండ్‌లో టెస్టు మొదలవుతుంది. లక్ష మంది పట్టే స్టేడియం. మనవాళ్ళ మ్యాచ్ కాకపోయినా ఒక్కరోజైనా వెళ్దాం. 2024లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఇక్కడే ఎనిమిదో స్థానంలో దిగి సెంచరీ కొట్టాడు. 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. ఆఖరి బ్యాటర్‌గా వచ్చింది హైదరాబాదు సిరాజ్. కమిన్స్ వేసిన మూడు బంతులూ సిరాజ్ కాచుకున్నాడు, తర్వాతి ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టాడు. స్టాండ్‌లో వాళ్ళ నాన్న ఏడుస్తుంటే ఇక్కడ టీవీ ముందు నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను. ఆ టెస్టు ఓడిపోయాం, అది వేరే సంగతి.

పెంగ్విన్లు కావాలంది కదా బుజ్జి. ఫిలిప్ దీవిలో పొద్దు వాలాక, అంటే ఎండాకాలంలో దాదాపు తొమ్మిదింటికి, చిన్న పెంగ్విన్లు గుంపులుగా ఒడ్డెక్కి గూళ్ళకి నడుస్తాయి. ఎత్తు ఒక అడుగు కంటే కాస్త ఎక్కువ. ఫోటోలు తీయనివ్వరు, వెలుగుకి బెదురుతాయని. స్వెట్టర్ అక్కరకొచ్చేది అక్కడే.

చివరిగా సామాను. 1859లో విక్టోరియాలో ఒకాయన వేట సరదాకి కొద్ది కుందేళ్ళని వదిలితే అవి కోట్లై దేశమంతా పైర్లు మేసేశాయి. అప్పటి నుంచి బయటి గింజా, పండూ, పురుగూ అంటే వీళ్ళకి టెన్షన్. తినేవి ఏం తెచ్చినా విమానంలో ఇచ్చే కార్డులో ఉన్నాయని రాయాలి. రాసి చూపిస్తే సరిపోతుంది, మహా అయితే తీసేసుకుంటారు. దాచి దొరికితే జరిమానా. పళ్ళూ, పాలకోవా, పచ్చి కరివేపాకు అసలు పెట్టొద్దని మీ అమ్మకి నువ్వే చెప్పు బుజ్జీ, నేను చెబితే వినదు. అత్తయ్య కుండీలో కరివేపాకు ఏపుగానే ఉంది.

ఉంటాను.
మీ తాతయ్య