చట్టం ఒకటి, డబ్బు ఇంకొకటి: పార్కిన్సన్స్ పరిశోధన నిధుల వెనుక కథ

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వణుకు జబ్బును 1817లోనే వర్ణించి పెట్టాడు. రోగుల మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనం బాగా తగ్గిపోతోందని 1960లో తేలింది. ఆ లోటు పూడ్చే లెవోడోపా మందుకు 1970లో అమెరికా అనుమతి దొరికింది. ఇంత చరిత్ర ఉన్న జబ్బుకు వాషింగ్టన్‌లో గొంతు లేచింది మాత్రం 1990లలోనే.

ఈ ఆలస్యానికి మొదటి కారణం ఆ మందే. లెవోడోపా వేసుకుంటే కుర్చీకి అతుక్కుపోయిన మనిషి లేచి నడిచాడు. ఇక సమస్య తీరిందనుకున్నారు. కొన్నేళ్లు గడిచాక మందు బలం మధ్యమధ్యలో తగ్గిపోతుందని, దానికి తోడు ఒళ్లు తనకు తానే మెలికలు తిరుగుతుందని, జబ్బు మాత్రం లోపల ముదురుతూనే ఉంటుందని రోగులకు తెలుసు, బయటివాళ్లకు తెలియదు. రెండోది, ముసలివాళ్ల జబ్బన్న ముద్ర. మూడోది దాపరికం. ఉద్యోగం పోతుందన్న భయంతో చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగినవాళ్లే ఎక్కువ. 1957 నుంచీ పార్కిన్సన్స్ సంస్థలు ఉన్నాయి కానీ వాటి దృష్టి విరాళాల మీద, రోగుల సంరక్షణ మీద. ప్రభుత్వం మీద ఒత్తిడి తేవడం తమ పని అనుకోలేదు.

ఆ పని ఎలా చేయాలో చూపించింది వేరే జబ్బులవాళ్లు. 1987లో పుట్టిన 'యాక్ట్ అప్' ఎయిడ్స్ రోగులను వీధుల్లోకి తెచ్చింది. రొమ్ము క్యాన్సర్ మహిళలు మరో దారి కనిపెట్టారు. ఆరోగ్య శాఖ పద్దులో చోటు లేదంటే రక్షణ శాఖ పద్దులోకి వెళ్లారు. 1992లో అమెరికన్ కాంగ్రెస్ సైన్యం బడ్జెట్‌లోనే రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు 21 కోట్ల డాలర్లు పెట్టింది. పార్కిన్సన్స్ రోగులు ఈ రెండు పాఠాలూ గమనించారు.

కాలిఫోర్నియా న్యాయవాది జోన్ శామ్యూల్సన్‌కు ఈ జబ్బు బయటపడేనాటికి నలభై ఏళ్లు కూడా లేవు. 1991లో ఆమె 'పార్కిన్సన్స్ యాక్షన్ నెట్‌వర్క్' మొదలుపెట్టారు. అప్పటికి రగులుతున్న గొడవ పిండ కణజాలానిది. గర్భస్రావం చేయించుకున్నప్పుడు ఆ పిండాల నుంచి తీసిన కణాలను రోగుల మెదడులో నాటితే డోపమిన్ మళ్లీ తయారవుతుందని శాస్త్రవేత్తల ఆశ. ఆ ప్రయోగాలకు ప్రభుత్వ డబ్బు ఇవ్వకూడదని రీగన్ ప్రభుత్వం 1988లో నిషేధం పెట్టింది. దాన్ని ఎత్తివేస్తూ కాంగ్రెస్ 1992లో బిల్లు పంపితే అధ్యక్షుడు బుష్ వీటో చేశారు. 1993 జనవరిలో, పదవిలోకి వచ్చిన మూడో రోజున, క్లింటన్ ఆ నిషేధం తీసేశారు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. అంత పోరాడి సాధించుకున్న ఆ ప్రయోగాలు ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. ప్రభుత్వ నిధులతో జరిగిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2001లో, 2003లో వచ్చాయి. పోలిక కోసం కొందరికి ఉత్తుత్తి శస్త్రచికిత్స చేసి జరిపిన పరీక్షలవి. అనుకున్న మేలు కనబడలేదు, పైగా కొందరిలో ఆపలేని కదలికలు మొదలయ్యాయి. దీన్ని ఎత్తిచూపి ఉద్యమం పొరబడిందనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. నిషేధం అలాగే ఉంటే ప్రైవేటు ఆసుపత్రులు ఆశను అమ్ముకుంటూ పోయేవి, అది పనిచేస్తుందో లేదో గట్టిగా తేల్చేవాడు ఉండేవాడు కాదు.

తర్వాతి పోరాటానికి ఒక పేరు కలిసొచ్చింది. ఆరిజోనా నుంచి మూడు దశాబ్దాలు ప్రతినిధుల సభలో కూర్చున్న మోరిస్ ఉడాల్, 1976లో అధ్యక్ష పదవికి పోటీ పడిన మనిషి, చతురోక్తులకు పేరుపడ్డవాడు. పార్కిన్సన్స్ ముదిరి 1991లో రాజీనామా చేయాల్సి వచ్చింది. రెండు పార్టీల్లోనూ ఆయనకు మిత్రులున్నారు. ఆయన పేరు పెట్టిన బిల్లుకు సెనేట్‌లో పాల్ వెల్‌స్టోన్, జాన్ మెకెయిన్ అండ నిలిచారు. ఒకరు పక్కా ఉదారవాది, మరొకరు రిపబ్లికన్. వెల్‌స్టోన్ తల్లికీ తండ్రికీ కూడా ఇదే జబ్బు.

బిల్లుకు అడ్డు చెప్పినవాళ్లు పరిశోధనను వ్యతిరేకించేవాళ్లేమీ కాదు. ఎన్‌ఐహెచ్ అని పిలిచే జాతీయ ఆరోగ్య సంస్థలకు అప్పటి డైరెక్టర్ హెరాల్డ్ వార్మస్, నోబెల్ గ్రహీత. ఫలానా జబ్బుకు ఇంత అని చట్టసభ వాటాలు వేయడం మొదలుపెడితే, శాస్త్రం చూపించే దారి పక్కకుపోయి గట్టిగా అరిచినవాళ్లదే రాజ్యమవుతుందని ఆయన వాదన. తేలిగ్గా కొట్టేసే వాదన కాదు. అరిచే ఓపిక కూడా లేని జబ్బులు ఎన్నో ఉన్నాయి. రోగుల జవాబు మాత్రం సూటిగా ఉండేది: ఒక్కో రోగి లెక్కన చూస్తే ఎయిడ్స్‌కు పెట్టేదానిలో మాకు దక్కేది ఏపాటి?

1997 నవంబరులో ఉడాల్ చట్టం ఒక పెద్ద బడ్జెట్ బిల్లులో భాగంగా గట్టెక్కింది. 1998 ఆర్థిక సంవత్సరానికి పార్కిన్సన్స్ పరిశోధన మీద 10 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టవచ్చని రాశారు. 'వచ్చు' అన్నారు, అంతే. అమెరికాలో ఖర్చుకు అనుమతి ఇచ్చే చట్టం వేరు, ఖజానా నుంచి డబ్బు తీసి ఇచ్చే కేటాయింపు బిల్లు వేరు. మొదటిది ఒకసారి గెలిస్తే చాలు. రెండోది ప్రతి సంవత్సరం, వేరే కమిటీ ముందు, మళ్లీ మొదటి నుంచి గెలవాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు అయింది రోగుల పరిస్థితి. చట్టం వల్ల ఉడాల్ పేరుతో పరిశోధన కేంద్రాలు వచ్చాయి, అవి మంచి పని చేశాయి. అడిగిన స్థాయిలో కొత్త డబ్బు మాత్రం రాలేదు.

ఇక్కడే ఉద్యమం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. రోగులు నినాదాలు పక్కన పెట్టి లెక్కల పుస్తకం తెరిచారు. ఎన్‌ఐహెచ్ 'పార్కిన్సన్స్ పరిశోధన' కింద చూపించిన గ్రాంట్లను ఒక్కొక్కటీ చదివారు. చాలావాటికి ఈ జబ్బుతో ఉన్నది దూరపు చుట్టరికమేనని వాదించారు. సంస్థ సమాధానమూ కొట్టిపారేసేది కాదు: మెదడు కణం ఎలా చనిపోతుందో చెప్పే ప్రాథమిక పరిశోధనను ఏ జబ్బు ఖాతాలో రాయాలి? ఇలాంటి తగాదాలు ఎన్నో జబ్బుల విషయంలో నడిచాయి. చివరికి 2006 నాటి చట్టం ఎన్‌ఐహెచ్‌ను ఒకే పద్ధతిలో లెక్క కట్టమంది. జబ్బులవారీ ఖర్చు 2009 నుంచి ఆ పద్ధతిలో జనానికి అందుబాటులో ఉంది.

1999 సెప్టెంబరులో సెనేట్ ఉపసంఘం ముందుకు నటుడు మైకేల్ జె. ఫాక్స్ వచ్చాడు. ముప్పై ఏళ్ల వయసుకే జబ్బు పడి, ఏడేళ్లు దాచి, 1998లో బయటపెట్టిన మనిషి. ఆ రోజు కావాలనే మందు వేసుకోకుండా వచ్చానని తర్వాత తనే చెప్పాడు. రోగుల భాషలో చెప్పాలంటే 'ఆఫ్'లో వచ్చాడు. అది నటన అని ఆక్షేపించేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు: మందు వేసుకుని మామూలుగా కనబడటమే రోజూ వేసే వేషం. అదే సమావేశంలో ఎన్‌ఐహెచ్‌లోని నాడీవ్యాధుల సంస్థ డైరెక్టర్ జెరాల్డ్ ఫిష్‌బాక్, గట్టి ప్రయత్నం జరిగితే జబ్బుకు విరుగుడు అయిదు నుంచి పదేళ్లలో సాధ్యమేనన్న ఆశ కనబరిచారు. కాంగ్రెస్ కోరిక మీద 2000లో అయిదేళ్ల పరిశోధన ప్రణాళిక తయారైంది. దాని అంచనా దాదాపు 100 కోట్ల డాలర్ల అదనపు ఖర్చు. 1998, 2003 మధ్య ఎన్‌ఐహెచ్ మొత్తం బడ్జెట్ రెట్టింపైంది కూడా. అయినా ఆ ప్రణాళికకు అంటూ విడిగా డబ్బు రాలేదు. పదేళ్ల మాట ఏమైందో వేరే చెప్పక్కర్లేదు.

ముందు తలుపు తెరుచుకోనప్పుడు పక్క తలుపులు తట్టారు. రక్షణ శాఖలో ఈ జబ్బు పరిశోధనకు 1997లో ఒక చిన్న కార్యక్రమం మొదలైంది. సైన్యానికీ ఈ జబ్బుకూ ఏం సంబంధమంటే, విషాలు. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మాదకద్రవ్యం ఎక్కించుకున్న కొందరు యువకులు రాత్రికి రాత్రి పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. వైద్యుడు విలియం లాంగ్‌స్టన్ బృందం దానికి కారణం ఎంపీటీపీ అనే రసాయనమని పట్టుకుంది. బయటి రసాయనం ఒక్కటే ఇంత పని చేయగలిగితే సైనికులకు తగిలే విషాల సంగతేమిటన్న ప్రశ్నకు బలం వచ్చింది. వియత్నాంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ బారినపడిన మాజీ సైనికులకు పార్కిన్సన్స్ వస్తే దాన్ని సైనిక సేవ వల్ల వచ్చినట్టే లెక్కించాలని 2010లో నియమం మారింది.

పిండాల నుంచి తీసే మూలకణాల (వేరే రకం కణాలుగా మారగల కణాల) పరిశోధనకు ప్రభుత్వ డబ్బు ఇవ్వాలా వద్దా అన్న యుద్ధం అందరికీ తెలిసినదే: 2001లో రెండో బుష్ ఆంక్షలు, 2006లో వీటో, 2009లో ఒబామా సడలింపు. నా లెక్కలో ఆ ఏళ్లలో పార్కిన్సన్స్ ఉద్యమం కొంత పోగొట్టుకుంది కూడా. గర్భస్రావం గొడవ నీడలో పడి, వెల్‌స్టోన్, మెకెయిన్ ఒకే కాగితం మీద సంతకం పెట్టిన వాతావరణం చెదిరిపోయింది.

శామ్యూల్సన్ స్థాపించిన నెట్‌వర్క్ 2016లో నటుడు ఫాక్స్ పెట్టిన ఫౌండేషన్‌లో కలిసిపోయింది. ఆ ఫౌండేషన్ పరిశోధనకు ఇచ్చిన మొత్తం ఇప్పటికి 200 కోట్ల డాలర్లు దాటింది. ఇంత ప్రైవేటు డబ్బు ఉంటే ప్రభుత్వాన్ని అడగడమెందుకు అనే ప్రశ్నకు జవాబు ఆ సంస్థ ప్రవర్తనలోనే ఉంది. అది అడగడం ఆపలేదు.

2024 జూలై 2న అధ్యక్షుడు బైడెన్ పార్కిన్సన్స్ నిర్మూలనకు జాతీయ ప్రణాళిక చట్టం మీద సంతకం పెట్టారు. ప్రతినిధుల సభలో 407 మంది సరే అన్నారు, 9 మంది కాదన్నారు. సెనేట్‌లో అభ్యంతరమే రాలేదు. చట్టానికి పెట్టిన రెండు పేర్లలో ఒకటి అప్పటి ప్రతినిధుల సభ సభ్యురాలు జెన్నిఫర్ వెక్స్‌టన్‌ది. మొదట పార్కిన్సన్స్ అనుకున్న ఆమె జబ్బు తర్వాత దానికి దగ్గరి చుట్టమైన, మరింత వేగంగా ముదిరే పీఎస్‌పీ అని తేలింది. చట్టం ప్రకారం సలహా మండలి వేయాలి, అందులో రోగులూ వాళ్లను చూసుకునేవాళ్లూ ఉండాలి, శాఖలన్నీ కలిసి ప్రణాళిక రాయాలి. కొత్త డబ్బు గురించి ఒక్క అంకె లేదు. అది లేకపోవడం వల్లే అన్ని ఓట్లు పడ్డాయన్నది నా అనుమానం.

ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2025 మార్చిలో, కాంగ్రెస్ ఆ ఏడాది మిగిలిన భాగానికి ఖర్చుల బిల్లు ఆమోదించింది. రక్షణ శాఖ పద్దులో జబ్బులవారీ పరిశోధన మొత్తాన్ని దాదాపు 150 కోట్ల డాలర్ల నుంచి 65 కోట్లకు కోసేసింది.