అర్రేనా, ఆబ్జెక్టా? వెబ్ నేర్చుకునేవాళ్ల అపోహలు – వాస్తవాలు

అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ (వెబ్‌సైటు ముందు భాగం, సర్వర్ భాగం రెండూ నేర్పే) కోర్సులో చేరినవాళ్లు మొదటి నెల తిరక్కుండానే ఒకచోట ఆగిపోతారు. డేటా పెట్టుకోవడానికి అర్రే (నంబర్ల వరసలో విలువలు పెట్టుకునేది) తీసుకోవాలా, ఆబ్జెక్ట్ (పేర్లతో వివరాలు పెట్టుకునేది, కొన్ని భాషల్లో స్ట్రక్చర్) తీసుకోవాలా? హాస్టల్లో రూమ్మేట్లని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తారు. అర్రే ఫాస్టు అంటారు, ఆబ్జెక్టులు తర్వాత చూసుకోవచ్చు అంటారు, ఇంటర్వ్యూలో అర్రేలే అడుగుతారు అంటారు. బీకాం చేసి ఇటు వచ్చినవాళ్లు ఈ మాటలన్నీ విని, లోపం తమ దగ్గరే ఉందేమోనని బెంగపెట్టుకుంటారు. బెంగపడాల్సింది ఏమీ లేదు. ఎంచుకోవడం తేలికే. తప్పు ఎంచుకుంటే మాత్రం చాలాసార్లు ఎర్రర్ రాదు, డేటా చప్పుడు లేకుండా పోతుంది. ఎక్కువమందిని ముంచేది ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: జావాస్క్రిప్ట్ అర్రేలో నంబర్ల బదులు పేర్లు పెట్టుకోవచ్చు, పనిచేస్తోంది కదా!

వాస్తవం: పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, అంతే. ఈ అలవాటు చాలామందికి పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే భాష) నుంచి వస్తుంది. అక్కడ ఇండెక్స్ (అర్రేలో స్థానం చెప్పే నంబరు) చోట పేరు రాసినా అది అర్రేనే, అందులో తప్పేమీ లేదు. అదే చేత్తో జావాస్క్రిప్టులోకి వచ్చి, ఖాళీ స్క్వేర్ బ్రాకెట్లతో స్టూడెంట్ అని ఒక అర్రే తెరిచి, దానికి పేరు, బ్రాంచి, ఫోన్ అని మూడు కీలు (విలువని గుర్తుపట్టే పేర్లు) తగిలిస్తారు. కన్సోల్‌లో ప్రింట్ చేస్తే మూడూ కనిపిస్తాయి. ఇక ఢోకా లేదనుకుని ఫెచ్‌తో (బ్రౌజర్ నుంచి రిక్వెస్ట్ పంపే ఫంక్షన్) సర్వర్‌కి పంపుతారు. పంపేముందు డేటాని జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చే జేసన్ స్ట్రింజిఫై ఆ అర్రేలోని నంబరు ఇండెక్సులనే చూస్తుంది. అవి ఒక్కటీ లేవు. కాబట్టి సర్వర్‌కి చేరేది ఖాళీ స్క్వేర్ బ్రాకెట్ల జత. వచ్చిన డేటాని సరిచూసే కోడ్ అక్కడ లేకపోతే సర్వర్ కూడా 200 (అంతా సరే) అని జవాబిస్తుంది. డేటాబేస్‌లో ఖాళీ వరస పడుతుంది.

అప్పటినుంచి రాత్రంతా డేటాబేస్ కనెక్షన్ వెతకడం, సర్వర్ కోడ్ తిరగరాయడం. తప్పున్నది మొదటి లైన్లో. స్క్వేర్ బ్రాకెట్లు తీసి ఫ్లవర్ బ్రాకెట్లు పెడితే సరిపోతుంది, మిగతా కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

కారణం ఇది. జావాస్క్రిప్టులో అర్రే కూడా లోపల ఒక ఆబ్జెక్టే. అందుకే పేరుతో ఏది తగిలించినా కాదనదు. కానీ లెంగ్త్ (అర్రే పొడవు), పుష్, మ్యాప్, ఫిల్టర్, జేసన్ ఇవేవీ ఆ పేర్లని లెక్కలోకి తీసుకోవు. అనుమానం వస్తే క్రోమ్ కన్సోల్‌లో ఆ అర్రే పక్కనున్న బాణం నొక్కి విప్పండి. మీ మూడు పేర్ల కింద లెంగ్త్ సున్నా అని ఉంటుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ రిక్వెస్ట్ పేలోడ్ (నిజంగా పంపిన డేటా) చూసినా నిజం తెలిసిపోతుంది. కన్సోల్‌ని నమ్మి పేలోడ్ చూడకపోవడమే అసలు చిక్కు.

దీనికే ఇంకో రూపం ఉంది. పిన్‌కోడ్‌ని ఇండెక్సుగా వాడటం. అమీర్‌పేట 500016, మియాపూర్ 500049. ఖాళీ అర్రేలో 500016 దగ్గర ఒక్క పేరు పెట్టగానే లెంగ్త్ 500017 అయిపోతుంది. దాన్ని జేసన్‌గా మారిస్తే ఆ ఒక్క పేరుకి ముందు 500016 నల్‌లు (ఖాళీ అని చెప్పే మాట) వస్తాయి. కామాతో కలిపి ఒక్కో నల్‌కి 5 అక్షరాలు, అంటే ఒక్క పేరు పంపడానికి దాదాపు 25 లక్షల అక్షరాలు. మొబైల్ నంబర్ పెడితే కథ తిరగబడుతుంది. అర్రే ఇండెక్స్ 4294967294 దాటదు. మన పదంకెల మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి అన్నీ ఆ హద్దు దాటినవే. దాంతో ఆ నంబరుని మామూలు పేరులాగే తీసుకుంటుంది, లెంగ్త్ సున్నా దగ్గరే ఉంటుంది, జేసన్‌లో ఏమీ రాదు. నంబరు కదా అని అర్రే ఎంచుకోకండి. పిన్‌కోడ్, ఫోన్, హాల్ టికెట్ ఇవి వరస సంఖ్యలు కావు, గుర్తింపులు.

మరి ఏది ఎప్పుడు? ఒకే రకం వస్తువులు చాలా ఉంటే, వాటి వరసకి అర్థం ఉంటే అర్రే. మెట్రో రెడ్ లైన్‌లో మియాపూర్, జేఎన్‌టీయూ కాలేజ్, కేపీహెచ్‌బీ కాలనీ అంటూ ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లు. మూడోది ఏదని అడిగితే జవాబుంది. ఒకే వస్తువుకి రకరకాల వివరాలుంటే ఆబ్జెక్ట్. అమీర్‌పేట స్టేషన్‌కి పేరు ఉంది, లైన్లు ఉన్నాయి, ఇంటర్‌చేంజ్ అవునా కాదా అన్నది ఉంది. వీటిలో మూడోది ఏదని ఎవరూ అడగరు. నిజమైన పనిలో రెండూ కలిసే వస్తాయి. బయట అర్రే, లోపల ఒక్కో వస్తువుకి ఒక్కో ఆబ్జెక్ట్. ఎటూ తేలకపోతే ఇదే రాయండి, నూటికి తొంభై చోట్ల సరిపోతుంది.

అపోహ: పేర్లకో అర్రే, మార్కులకో అర్రే పెట్టుకుంటే సులువు.

వాస్తవం: మార్కుల అర్రేని సార్ట్ చేసిన క్షణం నుంచి ఒకరి మార్కులు ఇంకొకరివి. సార్ట్ ఉన్న అర్రేనే మార్చేస్తుంది, పేర్ల అర్రేకి ఆ సంగతి తెలియదు. పైగా సార్ట్‌కి పోలిక ఫంక్షన్ ఇవ్వకపోతే అంకెలని కూడా అక్షరాల్లా పోలుస్తుంది. 9, 35, 100 ఇస్తే 100, 35, 9 అని తిప్పి ఇస్తుంది.

హాజరు ఫారంలో ఇది ఇంకా ఘోరం. పేర్ల టెక్స్ట్ బాక్సులకి ఒక అర్రే, ప్రెజెంట్ చెక్‌బాక్సులకి ఒక అర్రే పెడతారు. టిక్ పెట్టని చెక్‌బాక్సుని బ్రౌజర్ అసలు పంపదు. అయిదుగురిలో రెండో వ్యక్తి రాలేదనుకోండి, పేర్లు అయిదు వస్తాయి, టిక్కులు నాలుగే. మూడోవాళ్ల టిక్ రెండోవాళ్ల మీద పడుతుంది, చివరివాళ్లు వచ్చి కూర్చున్నా ఆబ్సెంట్. చెక్‌బాక్స్ పేరులోని (హెచ్‌టీఎంఎల్‌లో నేమ్) స్క్వేర్ బ్రాకెట్లని ఖాళీగా వదలకుండా రోల్ నంబర్ రాయండి. పీహెచ్‌పీలో అది రోల్ నంబరే కీగా వస్తుంది, లేని కీ అంటే రాలేదని అర్థం.

అపోహ: పీహెచ్‌పీలో అంతా అర్రేనే కదా, ఆలోచించే పని లేదు.

వాస్తవం: పీహెచ్‌పీ లోపల ఆలోచించకపోయినా నడుస్తుంది, బయటికి పంపేటప్పుడు నడవదు. కీలు 0 నుంచి వరసగా ఉంటేనే జేసన్ ఎన్‌కోడ్ దాన్ని లిస్టుగా రాస్తుంది. అర్రే ఫిల్టర్ ఫంక్షన్ పాత కీలని అలాగే ఉంచుతుంది. మధ్యలో ఒకటి తీసేస్తే 0, 2, 3 మిగులుతాయి, అది ఫ్లవర్ బ్రాకెట్లతో వెళ్తుంది, ఫ్రంట్ ఎండ్‌లో మ్యాప్ ఫంక్షన్ కాదన్న ఎర్రర్ వస్తుంది. టెస్టింగ్‌లో చివరిదాన్నే తీసేస్తే మాత్రం అంతా బాగానే ఉంటుంది, అందుకే ఇది డెమో రోజు దాకా బయటపడదు. ఫిల్టర్ తర్వాత అర్రే వాల్యూస్ ఒకసారి కలిపితే కీలు మళ్లీ 0 నుంచి మొదలవుతాయి. ఖాళీ అర్రే మామూలుగా లిస్టుగానే వెళ్తుంది. అవతల ఆబ్జెక్ట్ కావాలంటే ఆబ్జెక్టుగా కాస్ట్ చేసి (రకం మార్చి) పంపాలి.

అపోహ: అర్రే ఎప్పుడూ ఫాస్టు.

వాస్తవం: 50 వరసల పేజీకి ఈ చర్చే అనవసరం. 5000 మంది విద్యార్థులకి 5000 ఫీజు రసీదులు కలపాలంటే, ఒక్కొక్కరికీ ఫైండ్ (మొదటి నుంచి ఒక్కొక్కటీ వెతికే మెథడ్) నడిపితే 2 కోట్ల 50 లక్షల పోలికల దాకా పోతుంది. రసీదులని రోల్ నంబర్ కీగా ఒక మ్యాప్‌లో వేసుకుని (2015లో వచ్చిన డేటా టైపు, అర్రే మీద నడిపే మ్యాప్ మెథడ్ వేరు) చూస్తే, 5000 సార్లు వేయడం, 5000 సార్లు తీయడం. అంతే పని.

మిగతావి గబగబా. ఆబ్జెక్టులో పెట్టిన వరస అలాగే ఉంటుందనుకోకండి. ర్యాంకుల ప్రకారం 47, 12, 30 అని రోల్ నంబర్లు కీలుగా పెడితే 12, 30, 47గా తిరిగొస్తాయి. ర్యాంకు లిస్టుకి అర్రేనే వాడాలి. సీ భాషలో ఉన్న స్ట్రక్ట్ జావాస్క్రిప్టులో ఎక్కడుందని వెతకొద్దు, ఆ పని ఆబ్జెక్టే చేస్తుంది. ఫీల్డులు కచ్చితంగా ఇవే ఉండాలంటే టైప్‌స్క్రిప్ట్‌లో ఇంటర్‌ఫేస్ రాసుకోవచ్చు. టైప్ఆఫ్ అర్రేని కూడా ఆబ్జెక్ట్ అనే చెప్తుంది, తేడా తెలియాలంటే ఈజ్ అర్రే వాడండి. మామూలు ఆబ్జెక్టుకి లెంగ్త్ ఉండదు, దాని మీద లెంగ్త్ దాకా తిరిగే ఫర్ లూప్ రాస్తే ఒక్కసారీ తిరగదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఆబ్జెక్ట్ కీస్‌తో కీల లిస్టు తీసుకుని దాని మీద తిప్పండి.