పరుగులో లక్ష్యాలు: అపోహలు - వాస్తవాలు

అమలాపురం చుట్టుపక్కల కాలువ గట్ల మీద తెల్లారకముందే పరుగెత్తేవాళ్లకి కొదవ లేదు. కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారయ్యే కుర్రాళ్లు, షుగర్ ఉందని డాక్టరు చెబితే బయల్దేరిన నడివయసువాళ్లు. ఇద్దరికీ శిక్షణ ఇస్తుంటాను. మధ్యలో మానేసేవాళ్లలో చాలామందికి కాళ్లు బాగానే ఉంటాయి. పెట్టుకున్న లక్ష్యం దగ్గరే తేడా వస్తుంది.

అపోహ: వారం వారం టైమ్ తగ్గితేనే మెరుగవుతున్నట్టు.

వాస్తవం: మన ప్రాంతంలో ఈ లక్ష్యం ఫిబ్రవరి దాటితే నిలబడదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. లోపలి వేడి దించడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, గుండె మరింత వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది, అదే దూరానికి ఆయాసం పెరుగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉంటుందని బయల్దేరతాం గానీ, తేమ శాతం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. జనవరిలో కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో హాయిగా పరుగెత్తినవాళ్లు మే నెలలో అదే కిలోమీటరుకి ఏడు నిమిషాలు దాటగానే డీలా పడిపోతారు. నిజానికి వాళ్ల శక్తి ఏమీ తగ్గలేదు, ఉక్కపోత పెరిగిందంతే.

అందుకే మార్చి నుంచి వాచీ పక్కన పెట్టమంటాను. అరగంట, పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగం, వారానికి నాలుగు రోజులు. ఇది మీ చేతిలో ఉన్న లక్ష్యం. టైమ్ కొట్టాలన్న పట్టుదల నవంబరు చివరి నుంచి చూపించండి, అప్పుడు ఫలితం కనబడుతుంది.

అపోహ: 21 రోజులు వరసగా చేస్తే అలవాటైపోతుంది.

వాస్తవం: లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి దాదాపు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. ఒక రోజు తప్పితే కొంపేమీ మునగదని కూడా అందులోనే తేలింది. 22వ రోజు బద్ధకంగా అనిపించిందంటే మీలో లోపం ఉన్నట్టు కాదు.

అపోహ: మొదటి లక్ష్యం మారథానే అవ్వాలి.

వాస్తవం: మారథాన్ 42.195 కిలోమీటర్లు. ముందు ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తండి.

అపోహ: మనసు గట్టిగా ఉంటే చాలు, ప్లాన్ ఎందుకు?

వాస్తవం: ఆగస్టులో గోదావరికి వరద, పైన వాన. గట్టు మీద ఒండ్రు బూటు అడుగున ముద్దగా అంటుకుంటుంది, రెండడుగులకే కాలు జారుతుంది. అక్కడిదాకా వెళ్లి వెనక్కొచ్చినవాళ్లు మర్నాడు అసలు లేవరు. "గట్టు తడిగా ఉంటే హైస్కూల్ గ్రౌండు, వాన కురుస్తుంటే ఇంట్లో మెట్లు" అని రాత్రే రాసుకోండి. ఇలా జరిగితే ఇలా చేస్తానని ముందే అనుకున్నవాళ్లు లక్ష్యం చేరే అవకాశం పెరుగుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి.

అపోహ: సెలక్షన్ అయిపోతే పరుగూ అయిపోయినట్టే.

వాస్తవం: 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు పరుగెత్తాలని నెలల తరబడి కష్టపడ్డ కుర్రాళ్లు మర్నాటి నుంచి గట్టు ఎక్కరు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. మానేసిన రెండు మూడు వారాలకే దమ్ము తగ్గడం మొదలవుతుంది. అందుకే పరీక్షకి ముందే ఆ తర్వాతి నెల లక్ష్యం కూడా వాళ్ల చేత రాయిస్తున్నాను: వారానికి మూడు రోజులు, కాలువ లాకుల దాకా పరుగెత్తి రావడం, టైమ్ చూడకుండా.