మూడుల్‌లో డిపార్ట్‌మెంట్లు: అపోహలు - వాస్తవాలు

ఇంజినీరింగ్ కాలేజీలో మూడుల్ (ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టిన రోజే అడ్మిన్‌కి వచ్చే మాట: "పిల్లల్ని డిపార్ట్‌మెంట్ల వారీగా ఎక్కించండి." వినడానికి ఒకే పని. విప్పి చూస్తే మూడు ప్రశ్నలు. ఈ విద్యార్థిది ఏ బ్రాంచి? ఎవరితో కలిసి చదువుతున్నాడు? ఈ కోర్సు ఎవరి బాధ్యత? మూడుల్‌లో ఈ మూడింటికీ మూడు చోట్లున్నాయి: ప్రొఫైల్ (విద్యార్థి వివరాల పేజీ), కోహార్ట్ (విద్యార్థుల గుంపు), కేటగిరీ (కోర్సులు సర్దే అర). ఒకదాని పని ఇంకొకదానితో చేయించబోతేనే చిక్కులన్నీ.

అపోహ: ప్రొఫైల్‌లో డిపార్ట్‌మెంట్ గడి నింపితే ఆ బ్రాంచి కోర్సులు వాటంతటవే వచ్చేస్తాయి.

వాస్తవం: రావు. అది ఏం టైప్ చేస్తే అది దాచుకునే గడి, అంతే. ఒకరు "సీఎస్ఈ" అని, ఇంకొకరు "సి.ఎస్.ఈ." అని, మరొకరు "కంప్యూటర్ సైన్స్" అని రాస్తే మూడుల్ దృష్టిలో అవి మూడు డిపార్ట్‌మెంట్లు. పైగా సెట్టింగులు ముట్టుకోకుండా వదిలేస్తే విద్యార్థే ప్రొఫైల్ తెరిచి దాన్ని మార్చుకోగలడు. అథెంటికేషన్ ప్లగిన్లలో మీరు వాడే లాగిన్ పద్ధతి కింద యూజర్ ఫీల్డులను లాక్ చేసే భాగం ఉంటుంది. డిపార్ట్‌మెంట్‌ను అక్కడ లాక్ చేయండి. అంతకన్నా మేలైన దారి, బ్రాంచి పేర్లతో డ్రాప్‌డౌన్ రకం ప్రొఫైల్ ఫీల్డు ఒకటి కొత్తగా తయారుచేసి, దాన్నీ లాక్ చేయడం. యూజర్ల జాబితా వడకట్టడానికి, కోర్సులో ఒక పాఠాన్ని ఫలానా బ్రాంచికే చూపాలన్న షరతు పెట్టడానికి ఈ ఫీల్డు పనికొస్తుంది. కోర్సులో చేర్చడం మాత్రం దాని పని కాదు.

అపోహ: సీఎస్ఈ కేటగిరీ తయారుచేస్తే సీఎస్ఈ పిల్లలు అందులో ఉంటారు.

వాస్తవం: కేటగిరీలో ఉండేవి కోర్సులు. విద్యార్థుల్ని అందులో "వేయడం" అంటూ ఉండదు. మొదటి సంవత్సరం మ్యాథ్స్‌నే తీసుకోండి. చదివేది సీఎస్ఈ పిల్లలు, చెప్పేది హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్ వాళ్లు. కోర్సు వాళ్ల కేటగిరీలోనే ఉండాలి, ఎందుకంటే చూసుకోవాల్సింది వాళ్ల హెచ్‌ఓడీ.

కేటగిరీ నిజంగా అక్కరకొచ్చేది ఆ హెచ్‌ఓడీకే. కేటగిరీ స్థాయిలో రోల్ (ఏమేం చేయొచ్చో చెప్పే అధికారాల కట్ట) ఇస్తే దాని కింది కోర్సులన్నిటికీ అది వర్తిస్తుంది. ఒక్కో కోర్సులో విడిగా చేర్చనక్కర్లేదు. అలాగని మేనేజర్ రోల్‌ను ఉన్నదున్నట్టు చేతిలో పెట్టకండి, దానికి కోర్సులు డిలీట్ చేసే అధికారం కూడా ఉంటుంది. మేనేజర్ నమూనాతో కొత్త రోల్ సృష్టించి, డిలీట్ అనుమతి తీసేసి, మార్కులు, రిపోర్టులు చూసే అనుమతులు ఉంచి, దాన్ని కేటగిరీ స్థాయిలో ఇవ్వండి. పొరపాటున సైట్ స్థాయిలో ఇచ్చారో, మెకానికల్ హెచ్‌ఓడీకి ఈసీఈ మార్కులూ కనిపిస్తాయి.

అపోహ: కోహార్ట్ ఎక్కడ తయారుచేసినా ఒకటే.

వాస్తవం: కలిసి చదివే గుంపే కోహార్ట్. దాన్ని సైట్ స్థాయిలోనైనా, ఒక కేటగిరీ లోపలైనా తయారుచేయొచ్చు. కేటగిరీ లోపల చేసింది ఆ కేటగిరీ, దాని ఉపకేటగిరీల కోర్సులకే అందుతుంది. సీఎస్ఈ కేటగిరీలో చేసిన కోహార్ట్ మ్యాథ్స్ కోర్సులో కోహార్ట్ సింక్ (గుంపు మొత్తాన్నీ కోర్సులో చేర్చే లింకు) పెట్టేటప్పుడు జాబితాలోనే కనబడదు. అడ్మిన్ అరగంట వెతికి, విసిగి, 60 మందినీ చేత్తో ఎన్‌రోల్ చేస్తాడు. ఆరు సబ్జెక్టులంటే 360 ఎన్‌రోల్‌మెంట్లు. అదే సింక్ అయితే ఆరు లింకులు. మొదటి సంవత్సరం అందరికీ ఉమ్మడి కోర్సులుండే కాలేజీలో బ్యాచ్ కోహార్ట్‌లన్నీ సైట్ స్థాయిలో ఉండటమే సుఖం.

పేరు పెట్టేటప్పుడు "సెకండియర్ సీఎస్ఈ ఏ" అని కాకుండా "2023-సీఎస్ఈ-ఏ" అని బ్యాచ్ సంవత్సరంతో పెట్టండి. మొదటి రకం పేరు ఏడాది తిరిగేసరికి అబద్ధమైపోతుంది.

అపోహ: రోల్ నంబరు చూస్తే బ్యాచ్ తెలిసిపోతుంది, ఫార్ములాతో కోహార్ట్ నింపేయొచ్చు.

వాస్తవం: ఇది సగం నిజం, అందుకే ముంచుతుంది. జేఎన్‌టీయూ పద్ధతిలో మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడు, రెగ్యులర్‌గా చేరితే 1ఏ, ఆపైన బ్రాంచి కోడు (సీఎస్ఈకి 05, ఈసీఈకి 04), చివర వరుస సంఖ్య. డిప్లొమా చదివి ల్యాటరల్ ఎంట్రీలో వచ్చినవారికి 1ఏ బదులు 5ఏ ఉంటుంది. వాళ్లు చేరేది నేరుగా రెండో సంవత్సరంలో. అంటే 24, 5ఏ ఉన్న విద్యార్థి కూర్చునేది 23, 1ఏ వాళ్లతో. ఫార్ములా ఆ అబ్బాయిని తీసుకెళ్లి మొదటి సంవత్సరంలో పడేస్తుంది. డిటెయిన్ అయినవాళ్ల (పై తరగతికి వెళ్లకుండా ఆగిపోయినవాళ్ల) సంగతి దీనికి తిరగేసినట్టు: నంబరు పాతదే, తరగతి జూనియర్లతో. ఇంకో మెలిక, వరుస సంఖ్య 99 దాటాక ఏ0, ఏ1 అంటూ సాగుతుంది కనుక ఎక్సెల్‌లో పట్టుకు లాగి నింపితే కుదరదు.

రోల్ నంబరును యూజర్‌నేమ్‌గా వాడండి, అంతకన్నా మంచిది దొరకదు. అక్షరాలు చిన్నవిగా ఉండాలి. కోహార్ట్‌ను మాత్రం సెక్షన్ హాజరు జాబితా చూసి నింపండి.

అపోహ: సీఎస్వీ (విద్యార్థుల జాబితా ఉన్న ఫైలు) అప్‌లోడ్‌లో ఎర్రర్ రాలేదంటే అంతా సరిగ్గా ఎక్కినట్టే.

వాస్తవం: కోహార్ట్ కాలమ్‌లో రాయాల్సింది కోహార్ట్ పేరు కాదు, కోహార్ట్ ఐడీ. అక్కడ ఒక గీత తగ్గినా మూడుల్ ఆపదు. అప్‌లోడ్ చేసేవారికి అధికారం ఉంటే ఆ తప్పు ఐడీతో కొత్త కోహార్ట్‌నే సృష్టించి పిల్లల్ని అందులో వేస్తుంది. దానికి ఏ కోర్సుతోనూ సింక్ ఉండదు. మర్నాడు ఫోను: "లాగిన్ అవుతోంది సార్, కోర్సులేవీ లేవు." అప్‌లోడ్ అవగానే కోహార్ట్‌ల జాబితా తెరిచి, ఒక్కోదానిలో ఎంతమంది ఉన్నారో సెక్షన్ బలంతో పోల్చుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ప్రివ్యూ చూశాంగా అనుకోకండి, మార్చకపోతే అందులో కనిపించేవి పది వరుసలే.

అప్‌లోడ్ రకం ఎంచుకునే చోటా జాగ్రత్త. "కొత్తవాళ్లను మాత్రమే" అన్నది ఎంచుకుంటే పాతవాళ్ల వరుసలు దాటేస్తుంది, వాళ్లు కోహార్ట్‌లో చేరరు. "అందరినీ చేర్చు, అవసరమైతే యూజర్‌నేమ్‌కి అంకె తగిలించు" అన్నది కాలేజీలో ఎప్పుడూ ముట్టుకోవద్దు, ఒకే విద్యార్థికి రెండు అకౌంట్లు పుడతాయి. తెలుగులో పేర్లుంటే ఫైలును యూటీఎఫ్-8 రకంలో సేవ్ చేయాలి.

అపోహ: తప్పు కోహార్ట్‌లో పడితే తీసేసి, సరైనదాంట్లో వేస్తే సరి.

వాస్తవం: వరుస తిరగేయండి. ముందు కొత్తదాంట్లో వేసి, తర్వాతే పాతదాంట్లోంచి తీయాలి. కోహార్ట్ సింక్ సెట్టింగు మొదట్నుంచీ "కోర్సు నుంచి తీసెయ్" అనే ఉంటుంది. విద్యార్థి కోహార్ట్ నుంచి బయటికి రాగానే కోర్సులోంచీ పోతాడు, గ్రేడుబుక్‌లో (మార్కుల పట్టికలో) పేరు మాయమవుతుంది, గ్రూపులు పోతాయి. రెండు కోహార్ట్‌లూ అదే కోర్సుకు లింకై ఉండి, కొత్తది ముందు చేరితే రెండో ఎన్‌రోల్‌మెంట్ అతణ్ని పట్టి ఉంచుతుంది. ఇంకా నిశ్చింతగా ఉండాలంటే ఆ సెట్టింగును ఎన్‌రోల్‌మెంట్ నిలిపివేసి రోల్స్ మాత్రం తీసేసే ఎంపికకు మార్చండి. సీఎస్వీ కోహార్ట్‌లో చేరుస్తుందే గానీ పాతదాంట్లోంచి తీయదు, ఆ పని విడిగా చేయాలి.

అపోహ: ఏ, బీ, సీ సెక్షన్లకు మూడు కోర్సులు కావాలి.

వాస్తవం: సిలబస్, ప్రశ్నలు ఒకటే అయితే ఒక కోర్సు, మూడు గ్రూపులు చాలు. కోహార్ట్ సింక్ పెట్టేటప్పుడే "కొత్త గ్రూపు సృష్టించు" అన్న ఎంపిక ఉంటుంది. "సెపరేట్ గ్రూప్స్" పెడితే ఒక సెక్షన్ చర్చ ఇంకో సెక్షన్‌కి కనబడదు. ఎడిట్ చేయగల టీచర్‌కి మాత్రం అన్ని గ్రూపులూ కనిపిస్తాయి. ఎవరి సెక్షన్ వాళ్లకే కనబడాలంటే నాన్-ఎడిటింగ్ టీచర్ రోల్ ఇచ్చి, ఆ గ్రూపులో చేర్చాలి.

అపోహ: చదువైపోయిన బ్యాచ్‌ను డిలీట్ చేస్తే సైటు తేలికవుతుంది.

వాస్తవం: డిలీట్ చేస్తే గ్రేడుబుక్‌లో వాళ్ల మార్కులు దొరకవు, అక్రెడిటేషన్ వాళ్లు అడిగేది సరిగ్గా అవే. అకౌంట్లు సస్పెండ్ చేయండి. లాగిన్ ఆగుతుంది, రికార్డు నిలుస్తుంది. యూజర్ల అప్‌లోడ్ ఫైల్లో సస్పెండెడ్ కాలమ్‌లో 1 పెట్టి, ఉన్నవాళ్లను అప్‌డేట్ చేసే రకం ఎంచుకుంటే బ్యాచ్ మొత్తం ఒకేసారి అయిపోతుంది.